టెక్కలి తప్పిపోయిన పుస్తకం

మా పుస్తకంలో మేకపిల్ల తెంబూరు దాటగానే నౌపడలో దిగింది. మధ్యలో రావలసిన టెక్కలి, నౌపడ తర్వాత వచ్చింది. పర్లాకిమిడి నుంచి చిన్నబండి ఎక్కి నౌపడ దాకా వెళ్లిన ఎవరిని అడిగినా ఇది అన్యాయమనే అంటారు. మేము నలభై ప్రతులు కుట్టాం. నలభైలోనూ అదే అన్యాయం. చేసింది నేను.

అది 1988. నేను ఎనిమిదో తరగతి, తెలుగు సెక్షను. మా పర్లాకిమిడి అప్పటికింకా గంజాం జిల్లాలోనే ఉంది. గజపతి జిల్లాగా విడదీసింది 1992 అక్టోబరు 2న. ఊరి పేరు ఒడియాలో ఒక రకంగా పలుకుతుంది, మా నోళ్లలో ఇంకో రకంగా. పక్కనే మహేంద్రతనయ పారుతుంది. కూతవేటు దూరంలో పాతపట్నం, అది ఆంధ్ర. కూతవేటు అని ఊరికే అనడం లేదు. మా స్టేషనులో ఇంజను కూసిందంటే అక్కడ టికెట్లకు వరుస కట్టేవారు.

ఆ బండి 1900 నాటిది, రాజుగారు వేయించిన లైను. రెండున్నర అడుగుల వెడల్పు పట్టాలు, బొమ్మరింట్లో పెట్టుకోవడానికి చేసినట్టుండే పెట్టెలు, బొగ్గు ఇంజను. మొదట నౌపడ నుంచి మా ఊరి వరకే ఉండేదట. గుణుపురం దాకా పొడిగించింది 1931లో. మొత్తం 90 కిలోమీటర్లు. దాని వేగం గురించి మా అమ్మమ్మ చెప్పే మాట ఒకటుంది: పరుగెత్తే బండి దిగి, చింతచిగురు కోసుకుని, మళ్లీ అదే పెట్టెలో అదే సీటులో కూర్చోవచ్చని. నేనెప్పుడూ ప్రయత్నించలేదు గాని, చాలా ఏళ్లు నమ్మేదాన్ని.

పుస్తకం సంగతికి వస్తాను. ఆ ఏడు ఒకటో తరగతి పిల్లలకు తెలుగు వాచకాలు దసరా సెలవులు అయిపోయినా రాలేదు. పైనుంచి రావాలనేవారు. పైన అంటే ఎక్కడో మాకు ఎవరూ చెప్పలేదు. పిల్లలు మాత్రం పలక మీద గుణింతాలు దిద్ది, ఉమ్ముతో చెరిపి, మళ్లీ అవే దిద్దుతూ ఉండేవారు. ఒకరోజు మా తెలుగు మాస్టారు క్లాసులోకి వచ్చి, హాజరు కూడా పిలవకుండా, “చిన్నపిల్లలకు చదువుకోవడానికి ఏమీ లేదు. మీరొక కథల పుస్తకం చేసి ఇవ్వండి. సంక్రాంతికి ముందే కావాలి” అన్నారు, కొట్టుకు వెళ్లి పావుకిలో పెసరపప్పు తెమ్మన్నట్టు.

మా సెక్షనులో పదిహేను మందిమి. వారం తిరిగేలోపు పదిహేను కథలు తయారయ్యాయి. అందులో తొమ్మిదింటిలో రాజులు, నాలుగింటిలో దెయ్యాలు. ఒకడు క్రికెట్ మ్యాచి మొత్తం బంతి బంతికీ రాశాడు. నాది మేకపిల్ల కథ. మొదటి వాక్యాలు ఇప్పటికీ కంఠతా వచ్చు: “ఒకానొక గ్రామమున ఒక మేకపిల్ల నివసించుచుండెను. దానికి లవణమనిన మిక్కిలి ప్రీతి.” ఉప్పు అని రాయకుండా లవణము అని రాసినందుకు నన్ను నేనే మెచ్చుకున్నాను.

మాస్టారు ఏ కథనూ బాగుందనలేదు, బాగా లేదని కూడా అనలేదు. ఒకటో తరగతి వాళ్లను వేపచెట్టు కింద కూర్చోబెట్టించి, మమ్మల్ని ఒక్కొక్కరినీ చదవమన్నారు. చదవని వాళ్లకు ఒక పని అప్పగించారు. పిల్లల మొహాలు చూడవద్దు, కాలివేళ్లు చూడండి అని. మొహంతో వాళ్లు మర్యాద నటిస్తారట, కాళ్లకు ఆ సంగతి తెలియదట. నిజమే. మొదటి కథలో రాజు వేటకు బయలుదేరేసరికే ముప్పై జతల కాళ్లు మట్టిలో గుంటలు తవ్వడం మొదలుపెట్టాయి. నా లవణం దగ్గర ఒక పిల్ల గుంటలో వేపపండు పాతిపెట్టి మన్ను కప్పింది.

నేను చదివి కూర్చున్నాక మాస్టారు ముందు వరుసలో ముక్కు చీదుతున్న ఒక బుడతణ్ణి లేపి, “అక్క ఏం చెప్పిందిరా?” అని అడిగారు. వాడు కాసేపు ఆలోచించి, “మేకకు ఉప్పు కావాలట. బండెక్కింది” అన్నాడు.

“రాసుకో అమ్మా” అన్నారు మాస్టారు నా వైపు తిరిగి. “నీ నాలుగు పేజీల కథ ఇదే.”

అప్పుడు ఏడుపు వచ్చింది. ఇంటికి వెళ్లి అన్నం కూడా సరిగా తినలేదు. అసలు విచిత్రం చాలాకాలం తర్వాత గాని నాకు తట్టలేదు. గిడుగు రామమూర్తి గారు బడిలో మాస్టరుగా పనిచేసిన ఊరు మాది. 1880లో రాజావారి బడిలో ముప్పై రూపాయల జీతానికి చేరారు. మనుషులు మాట్లాడుకునే తెలుగులోనే పుస్తకాలు రాయాలని జీవితమంతా పోట్లాడిన మనిషి. ఆయన వచ్చిన 108 ఏళ్లకు అదే ఊళ్లో పదమూడేళ్ల పిల్ల ‘మిక్కిలి ప్రీతి’ అని రాసి మురిసిపోయింది!

మాస్టారు ఆయన గురించి ఉపన్యాసం ఏమీ ఇవ్వలేదు. ఒక్క సంగతి మాత్రం, సుద్దముక్క చేతిలో తిప్పుకుంటూ చెప్పారు. రామమూర్తి గారికి కొండల మీది సవర పిల్లలకు చదువు చెప్పాలనిపించిందట. వాళ్ల భాషకు పుస్తకాలు లేవు. ముందు ఆయన కూర్చుని సవర నేర్చుకున్నారు. తెలుగు అక్షరాలతో సవర వాచకాలు, కథలు, పాటలు రాశారు. సొంత డబ్బుతో బళ్లు పెట్టించారు. సవర వ్యాకరణం 1931లో, నిఘంటువు 1938లో అచ్చయ్యాయి. నిఘంటువు వచ్చేటప్పటికి ఆయన ఇక్కడ లేరు. 1936లో ఒరిస్సా రాష్ట్రం ఏర్పడి మా ఊరు అటు వెళ్లినప్పుడు ఆయన రాజమండ్రి వెళ్లిపోయారు. “పుస్తకం రాలేదని ఆయన ఎవరి కోసమూ ఎదురుచూడలేదు” అని మాస్టారు సుద్దముక్క బల్ల మీద పెట్టేశారు. అంతే. మా క్లాసులో ఒక సవర అమ్మాయి ఉండేది, పినతల్లి ఇంట్లో ఉండి చదువుకునేది. ఆమె ఆరోజు తల వంచుకుని నోటుబుక్కు చివరి పేజీలో ఏదో గీస్తూనే ఉంది.

మేకపిల్ల కథనే తీసుకుందామని పిల్లల కాలివేళ్లు తేల్చాయి. తర్వాత వారం రోజులు మేము రాసింది ఏమీ లేదు, మడతలు పెట్టడమే. నాలుగు కాగితాలు ఒకదానిలో ఒకటి పెట్టి నడిమికి మడిస్తే పదహారు పేజీల పుస్తకం వస్తుంది. దాన్ని మాస్టారు ఉత్తపుస్తకం అనేవారు. అందులో పెన్సిలుతో ఏ పేజీలో ఏం జరుగుతుందో ఒక్క మాట రాసుకోవాలి. ‘ఆకలి’, ‘స్టేషను’, ‘బండి’, ఇలా. ఆ తర్వాత మడత విప్పి చూస్తే తల తిరిగిపోతుంది. ఒకటో పేజీ పక్కన పదహారు, రెండో పేజీ పక్కన పదిహేను, నాలుగు పక్కన పదమూడు. “ఒకే కాగితం మీద పక్కపక్కన పడే రెండు పేజీలు కూడితే ఎప్పుడూ పదిహేడు రావాలి. రాలేదంటే ఎక్కడో తప్పు చేశారన్నమాట” అని మాస్టారు బోర్డు మీద పెద్దగా 17 వేసి, కింద రెండు గీతలు గీశారు. సంక్రాంతి దాకా ఆ అంకె అలాగే ఉండిపోయింది. లెక్కల మాస్టారు దాని చుట్టూ జాగ్రత్తగా తుడిచి తన లెక్కలు వేసుకునేవారు.

పేజీకి ఎనిమిది మాటలు దాటకూడదు. బొమ్మలో ఉన్నది మాటలో చెప్పకూడదు. మేకపిల్ల తెల్లగా ఉందని నేను రాస్తే, “బొమ్మలో తెల్లగానే ఉంటుంది గదా, మళ్లీ ఎందుకు?” అని కొట్టేశారు. ప్రశ్న ఎప్పుడూ కుడిచేతి పేజీ చివర ఉండాలి, జవాబు పేజీ తిప్పాక ఉండాలి. ఎడమ పేజీలో ప్రశ్న వేస్తే జవాబు పక్కనే కనిపిస్తుంది, ఇక తిప్పడం ఎందుకు? అయిదో పేజీ చివర “బండి ఆగింది. ఎందుకు?” అని పెట్టాం. తిప్పగానే పాతపట్నం. అందులో వింతేమీ లేదు, స్టేషను వచ్చింది కాబట్టి ఆగింది. కాని ఆ కాగితం తిప్పే లోపల చిన్నపిల్లలు చెప్పిన కారణాలు వినాలి! ఇంజనుకు దాహం వేసిందని ఒకరు, పట్టాల మీద వాళ్ల నాన్న పడుకున్నాడని ఒకరు.

మేకపిల్ల ఏం మాట్లాడాలన్న దాని మీద రెండు రోజులు తగాదా నడిచింది. మనుషుల్లా మాట్లాడాలని సగం మంది. నేను ఆ పక్షమే. మరి మేకకు మాటలు వస్తే టికెట్టు కూడా కొనుక్కోవాలి గదా అని ఇంకో పక్షం. చివరికి ఎవరు ఏమడిగినా “మే” అంటుందని తీర్మానం. ఇది ఎంత గొప్ప తీర్మానమో మాకు అప్పుడు తెలియదు. ఒకటో తరగతి వాళ్లు అప్పటికి ‘మ’కు గుణింతం దిద్దుతున్నారు. మిగతా అక్షరాలన్నీ అయోమయమే అయినా, ప్రతి పేజీలోనూ ఒక్క మే మాత్రం వాళ్లు సొంతంగా చదవగలిగారు. చదివేవాళ్లు ఆ మాట దగ్గర ఆగితే ముప్పై గొంతులు ఒక్కసారి లేచేవి.

టికెట్టు కలెక్టరు దగ్గర ఇంకో చిక్కు. మా కథలో ఆయన “ఎక్కడికి?” అని అడిగేవాడు. పెన్సిలు ప్రతి చదివి వినిపిస్తుంటే ఒక పిల్ల అడ్డుపడింది. “మన స్టేషనులో అలా అడగరు.” మరి ఎలా అడుగుతారే అంటే, “కుఆడే జిబు?” అంది గొంతు బరువుగా చేసి. పిల్లలందరూ తల ఊపారు. మాస్టారు కాసేపు గడ్డం గోక్కుని అలాగే రాయమన్నారు. తెలుగు పుస్తకంలో తెలుగు అక్షరాలతో ఒడియా ప్రశ్న. బండి పాతపట్నం చేరాక మాత్రం అదే ప్రశ్న “ఎక్కడికి?” అయింది. రెండింటికీ మేకపిల్ల జవాబు ఒక్కటే.

ఇక బొమ్మలు. మా ఊళ్లో కొమ్ముపని పేరుపడ్డది. గేదె కొమ్మును వేడి చేసి, మెత్తబడ్డాక వంచి, అరగదీసి కొంగలూ నెమళ్లూ చేస్తారు. ఆ పని చేసే ఇంటి అబ్బాయి మా క్లాసులో ఉండేవాడు. వాడి చేతిలో పెన్సిలు ఉంటే మేక వెంట్రుక వెంట్రుకా కనిపించేది, పొట్ట కింద నీడ కూడా పడేది. బొమ్మలన్నీ వాడే వేయాలని ఎవరూ చెప్పకుండానే అందరికీ తెలుసు.

కాని అచ్చు వేయవలసింది సైక్లోస్టైలు మీద. మైనం పూసిన పలచటి స్టెన్సిల్ కాగితం మీద ఇనుప కలంతో గీకితే, గీకిన చోట మైనం పోయి సిరా దిగుతుంది. సన్నటి గీత అయితే సరే. నీడ కోసం పక్కపక్కన పది గీతలు గీస్తే కాగితమే చిరిగి అక్కడ సిరామడుగు కడుతుంది. వాడి మొదటి మేక అలాగే పోయింది. పొట్ట ఉండవలసిన చోట పెద్ద నల్ల చిల్లు. రెండు స్టెన్సిళ్లు పాడయ్యాయి. ఒక్కొక్కటీ డబ్బులు పెట్టి కొన్నది. వాడు కలం కింద పెట్టేసి బయటికి వెళ్లిపోయాడు.

అప్పుడు సవర అమ్మాయి తన నోటుబుక్కు చివరి పేజీ చూపించింది. కొసలు కలిసిన రెండు ముక్కోణాలు ఒళ్లు, పుల్లల్లాంటి నాలుగు కాళ్లు, రెండు చిన్న గీతలు కొమ్ములు. అది మేకే. ఇంకెవరూ దాన్ని మేక కాదనలేరు. పక్కన బండి, నిచ్చెనను అడ్డంగా పడుకోబెట్టినట్టు. ప్రతి గడిలోనూ ఒక పుల్లమనిషి కూర్చుని ఉన్నాడు. వాళ్ల ఇళ్లలో ఎర్రమట్టి గోడల మీద బియ్యప్పిండితో వేసే బొమ్మల తీరు అది. ఆ గోడల మీద చెట్లు, ఏనుగులే కాకుండా సైకిళ్లూ విమానాలూ కూడా ఉంటాయని ఆమె చెబితేనే తెలిసింది.

మాస్టారు ఎంత సంతోషించారో చెప్పలేను. పుస్తకం నిండా ఇలాగే వేయమన్నారు. ఆమె వెంటనే ఒప్పుకోలేదు. గోడ మీది బొమ్మ ఊరికే వేసేది కాదట. పోయిన పెద్దలకో దేవతలకో ఇల్లు కట్టి ఇచ్చినట్టట. వేశాక వాళ్లను పిలవాలి, నైవేద్యం పెట్టాలి. “పుస్తకంలోకి వాళ్లను పిలిచి ఏం పెడతాం మాస్టారూ?” అని అడిగింది. అంత పెద్ద ప్రశ్న మా క్లాసులో ఇంకెవరూ అడగలేదు. మర్నాడు తనే ఒక దారి చెప్పింది. మేకనూ, బండినీ, తాటిచెట్లనూ, మనుషులనూ వేస్తుంది. చుట్టూ గడి కట్టదు. గడి కడితేనే అది ఇల్లవుతుందని. అందుకే మా పుస్తకంలో ఏ బొమ్మకూ చట్రం లేదు. చాలామంది అది మా అజాగ్రత్త అనుకున్నారు.

కొమ్ముపని అబ్బాయి మూడు రోజులు మాట్లాడలేదు. నాలుగో రోజు నడిమి రెండు పేజీల మీద, ఎనిమిది నుంచి తొమ్మిది దాకా, బండి పొడవునా పట్టాలు వేసే పని అడిగి తీసుకున్నాడు. స్కేలు లేకుండా గీశాడు. ఎక్కడా వంకర లేదు.

రాత నాకు వచ్చింది, అక్షరాలు గుండ్రంగా వస్తాయని. అదే ప్రమాదమైంది. స్టెన్సిల్ మీద సున్న పూర్తిగా చుడితే నడిమి ముక్క ఊడి పడుతుంది, అచ్చులో సున్న స్థానంలో నల్లచుక్క వస్తుంది. తెలుగంతా సున్నలూ సుడులే గదా! ప్రతి సున్ననూ వెంట్రుకవాసి తెరిచి వదలడం నేర్చుకున్నాను. పెద్ద సున్న చుట్టకూడదని ఇంకో నియమం. మా పిల్లలు ఒడియా అక్షరాలు కూడా దిద్దేవారు, ఒడియాలో నిండు సున్నలా ఉండేది ఠ. ఒకడు బండిని ‘బఠడి’ అని చదివాడు. తప్పు వాడిది కాదు.

ఎనిమిది స్టెన్సిళ్లు. రాత్రిపూట కిరసనాయిలు దీపం ముందు, అద్దం పలక మీద పరిచి గీకేదాన్ని. తప్పు పడితే ఎర్రటి ద్రవం పూసి ఆరనివ్వాలి. ఆ ఘాటు వాసనకు మా నానమ్మ తుమ్మి, “మేక కథకు ఇంత కంపా?” అనేది. ఏ రాత్రి అయిందో గుర్తు లేదు. నాలుగో పేజీ పక్కన పదమూడు రాయవలసింది, పదకొండు రాశాను. ఆరో పేజీ పక్కన పదకొండు రాయవలసింది, పదమూడు రాశాను. పదిహేనూ, పంతొమ్మిదీ. కూడి చూసుకోలేదు. చిన్నపిల్లలకు అడ్డమని పేజీల మీద అంకెలు వేయలేదు కాబట్టి స్టెన్సిల్ చూసినవాళ్లెవరూ పట్టుకోలేదు.

ఊళ్లో ఒక ఆఫీసులో గుమాస్తా గారు ఆదివారం తలుపు తీసి యంత్రం ఇచ్చారు. ఏడు దస్తాల కాగితం. నలభై పుస్తకాలకు నూట అరవై కాగితాలు, రెండు వైపులా అచ్చు, అంటే మూడు వందల ఇరవై సార్లు పిడి తిప్పాలి. వంతులు వేసుకున్నాం. అచ్చయిన కాగితాలు వరండా నిండా పరిచి, గాలికి ఎగరకుండా ఒక్కో దాని మీద ఒక గులకరాయి. ఆ రోజు మా చేతుల్లో, ముక్కుల్లో, మధ్యాహ్నం తిన్న పులిహోరలో కూడా సిరాయే.

తప్పు మర్నాడు కుట్టేటప్పుడు బయటపడింది. మైదా ఉడికించిన జిగురులో పురుగు పట్టకుండా మైలుతుత్తం కలిపి అట్టలు అంటిస్తున్నాం. కొమ్ముపని అబ్బాయి మొదటి ప్రతి తిప్పి చూసి, “మీ మేక టెక్కలి మింగేసి ఉప్పు నాకుతోంది” అన్నాడు. నాకు కాళ్లలో సత్తువ పోయింది. పదకొండు ఉండవలసిన చోట పదమూడు, పదమూడు ఉండవలసిన చోట పదకొండు. మళ్లీ అచ్చు వేయడానికి డబ్బులు లేవు, ఆదివారమూ లేదు. వాడు నన్ను ఓదార్చాడో ఏడిపించాడో ఇప్పటికీ తేల్చుకోలేను. “రెండు తప్పులూ కలిపి రెండుతో భాగిస్తే పదిహేడే” అన్నాడు.

టెక్కలి, నౌపడ బొమ్మలు విడిగా కత్తిరించి అతికిద్దామని మేము ఎనభై ముక్కలకు సిద్ధపడ్డాం. మాస్టారు ముందు ఒకసారి ఉన్నది ఉన్నట్టు చదవమన్నారు. అదే వేపచెట్టు, అవే కాలివేళ్లు. చదివేది నేనే. తెంబూరు, “మే”. పక్క పేజీలో నౌపడ, ఉప్పుకుప్పలు, మేకపిల్ల నాలుక. పేజీ తిప్పాను. తాటిచెట్ల మధ్య బండి, “ఇంకా ఎంత దూరం?” పక్కన టెక్కలి. పేజీ తిప్పాను. మహేంద్రతనయ, మేకపిల్ల గటగటా నీళ్లు తాగుతోంది, ఉప్పు తిన్న దాహం.

ఒక్క కాలు కూడా కదలలేదు. నేను నోరు తెరిచి తప్పు ఒప్పుకోబోతుంటే, వేపపండు పాతిపెట్టిన పిల్ల పక్కదానికి వివరిస్తోంది: “తిరిగి వచ్చేస్తోంది చూడు. అందుకే టెక్కలి వచ్చింది.”

మా అసలు కథలో మేకపిల్ల నౌపడలో ఉప్పు నాకి, పేజీ తిప్పేసరికి పర్లాకిమిడి ఏట్లో నీళ్లు తాగేది. ఎలా వచ్చిందో పదిహేను మందిలో ఒక్కరికీ తోచలేదు. మా క్లాసువాడే ఒకడు ఊరుకోలేక, “మరి వెళ్లేటప్పుడు టెక్కలి ఏదీ?” అని గట్టిగా అడిగాడు. ఆ పిల్ల వాణ్ణి జాలిగా చూసి, “అప్పుడు నిద్రపోయింది” అంది.

మాస్టారు లేచి పంచె దులుపుకుని, “ముక్కలు అతికించవద్దు” అన్నారు.

రంగులు చేత్తో వేశాం. పసుపు, పసుపులో సున్నం కలిపితే పారాణి ఎరుపు, బట్టల నీలిమందు, చిక్కుడాకు పసరు. నలభై మేకలు తెల్లగానే ఉంచాం, నలభై బళ్లకు పసుపు పూశాం. నౌపడ పేజీకి రంగు అక్కర్లేదు, ఉప్పు తెల్లగానే ఉంటుంది. కాని కొమ్ముపని అబ్బాయి ఊరుకోలేదు. కుప్పల మీద జిగురు రాసి నిజమైన కల్లుప్పు అద్దాడు, నలభైకి నలభై. పుస్తకాలు పంచిన రోజు ఒకటో తరగతి గదిలో కనిపించిన దృశ్యం: ముప్పై మంది పిల్లలు ఒకేసారి పుస్తకాన్ని నాకుతున్నారు. జిగురులో మైలుతుత్తం కలిపామని గుర్తొచ్చి నేను కేకపెట్టాను. ఉప్పుకు వాడింది వేరే గిన్నె, ఉత్త గంజి అని తేలేదాకా ఒక్కొక్కరి నోరూ కడిగించారు.

ఆ ఉప్పే పుస్తకం కొంప ముంచింది. జూన్‌లో వాన మొదలవగానే కల్లుప్పు చెమ్మ పీల్చింది. నౌపడ పేజీ తడిసి, దాని వెనకనున్న తాటిచెట్లు కరిగి, ముందున్న తెంబూరుకు అంటుకుపోయింది. రాజుల కథలు రాసినవాళ్లు మాత్రం సంతోషించారనుకుంటాను. నా దగ్గర ఒక్క ప్రతి కూడా లేదు. సవర అమ్మాయి తొమ్మిది అయ్యాక ఊరికి వెళ్లిపోయింది. తన ప్రతి గోడకు కొట్టిన సంచిలో పెట్టుకుందని ఎవరో చెప్పారు.

గేజి మార్చడానికి 2004లో చిన్నబండి ఆపేశారు. ఇప్పుడు అదే దారిలో పెద్ద బండి నడుస్తోంది. చెయ్యి చాపితే ఏ చెట్టూ అందదు. పోయిన శీతాకాలం మా తమ్ముడి కూతురితో కలిసి ఎక్కాను, దానికి ఆరేళ్లు. పాతపట్నం దాకా మేకపిల్ల కథ చెప్పాను. కలెక్టరు వచ్చి టికెట్లు అడిగితే “మే” అని, నా వెనక దాక్కుంది. తెంబూరు చూపించాను. కిటికీలోంచి ఎండ పడుతోంది, మధ్యాహ్నం తిన్న అన్నం బరువు.

కళ్లు తెరిచేసరికి బోర్డు మీద నౌపడ అని ఉంది.

“టెక్కలి ఎప్పుడు వెళ్లిందే?” అని అడిగాను.

“నువ్వు నిద్రపోయావు అత్తా” అంది, సంచులు సర్దుతూ. “వచ్చేటప్పుడు చూద్దువులే.”